బందరు ఎరుపు, కొనేవాడి ఏతబార్

అసలు, నకిలీ, రకం, నమూనా, ఖరీదు, మాలు, దళారీ, రసీదు, బాకీ. బజారుకు వెళ్లిన తెలుగువాడు ఈ మాటలు లేకుండా ఒక్క సౌదా కూడా పూర్తి చెయ్యలేడు. హిందువైనా, ముసల్మానైనా, కిరస్తానీ అయినా ఇవే మాటలు. అన్నీ అరబీ, ఫార్సీ జబానుల నుంచి వచ్చినవే. దఫ్తర్లలోనూ బజార్లలోనూ నలిగి నలిగి ఇవి ఎంత తెలుగైపోయాయంటే, "అసలు" అనే మాట అరబీ "అస్ల్" అని చెబితే మన పిల్లలే నమ్మరు.

ఈ మాటల్ని వరసగా పెట్టి చూడండి. కొనేవాడి మనసులో లేచే సవాళ్లన్నీ ఇందులో ఉన్నాయి. ఇది అసలా, నకిలీయా? ఏ రకం? నమూనాతో సరిపోయిందా? ఖరీదు ఎంత? రేపు తేడా వస్తే చూపించడానికి రసీదు ఉందా? ఇన్ని మాటలు కావలసి వచ్చాయంటే ఈ నేల మీద ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య తిజారత్ బాగా జరిగిందన్నమాట. పక్క వీధి నేతగాడి దగ్గర కొనుక్కునేవాడికి రసీదుతో ఏం పని?

ఆ తిజారత్‌కు పెద్ద దర్వాజా మన కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం. బందర్ అంటే ఫార్సీలో రేవు. గోల్కొండ సుల్తానులకు అదే ముఖ్యమైన రేవు కాబట్టి జనం నోట్లో ఊరి పేరే బందరు అయిపోయింది. అక్కడి నుంచి జహాజులు ఒక దిక్కు బందర్ అబ్బాస్, మోఖా వరకూ, ఇంకో దిక్కు పెగూ, అచే వరకూ వెళ్లేవి. ఆ జహాజుల్లో ఎక్కువగా వెళ్లింది బట్ట.

కొనేవాడు సరుకును ఎలా ఎంచుకుంటాడు? ఎప్పుడు తన కన్నును నమ్ముతాడు, ఎప్పుడు ఇంకొకడి మొహర్‌ను నమ్ముతాడు? ఆ నమ్మకం ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు కూలుతుంది? నాలుగు వందల ఏళ్ల బందరు బట్ట తారీఖ్‌లో ఈ సవాళ్లకు జవాబు ఉందని నా ఖయాల్. అదే ఇక్కడ చెప్పదలిచాను.

మూడు రకాల గుణాలు

సరుకులోని గుణాలన్నీ ఒక్క తీరుగా బయటపడవు. 1970లో ఫిలిప్ నెల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త వీటిని రెండుగా విడదీశాడు. కొనకముందే చూసి తెలుసుకోగలిగినవి కొన్ని. వాడితే తప్ప తెలియనివి కొన్ని. 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు దీనికి మూడోది కలిపారు. వాడిన తర్వాత కూడా మామూలు మనిషికి తెలియని గుణాలు అవి.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన మిసాల్ గోష్త్. ముక్క లేతదా, ముదురుదా, కొవ్వు ఎంత అన్నది కంటికి తెలుస్తుంది. రుచి వండాక తెలుస్తుంది. జబీహా సరిగ్గా జరిగిందా లేదా అన్నది తిన్న తర్వాత కూడా తెలియదు. అందుకే మనం గోష్త్‌ను చూసి కాదు, ఖసాయిని చూసి కొంటాం. నలభై ఏళ్లుగా ఒకే కొట్టుకు వెళ్లే కుటుంబాలు బెజవాడలో ఎన్ని లేవు! వాళ్లు బద్ధకించి అక్కడికి వెళ్లడం లేదు. తమకు కనిపించని గుణాన్ని మనిషి మీద ఏతబార్‌తో కొంటున్నారు.

మొదటి రకానికి కన్ను చాలు. రెండో రకానికి తన అనుభవం కావాలి, లేకపోతే వాడినవాడి మాట కావాలి. మూడో రకానికి ఇంకొకడి అమానత్‌దారీ తప్ప ఆధారం లేదు. బందరు బట్టలో ఈ మూడూ ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

పుంజం లెక్క

ముందు కంటికి తెలిసేవి. పొడవు, పన్నా, నేత దట్టం. మొదటి రెండింటికీ గజం బద్ద చాలు. మూడోదానికి మన నేతగాళ్ల దగ్గర ఒక లెక్క ఉండేది. దాని పేరు పుంజం. 120 పడుగు పోగులు ఒక పుంజం. ఒకే పన్నాలో ఎన్ని ఎక్కువ పుంజాలు పడితే బట్ట అంత సన్నం, అంత దట్టం, ఖరీదూ అంతే పైకి. పధ్నాలుగు పుంజాలు, పద్దెనిమిది పుంజాలు అని ఆ లెక్కనే బట్టకు పేరుగా పెట్టి అమ్మేవాళ్లు.

ఇది ఎంత తెలివైన దగ్గర దారో ఆలోచించండి. కొనేవాడు ప్రతి థానులో పోగులు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేడు. పేరు వింటే చాలు. కానీ అనుమానం వస్తే లెక్కపెట్టడానికి ఎవరూ అడ్డం లేదు. ఎవడైనా ఏ క్షణమైనా పరఖ్ చెయ్యగలడు కాబట్టే ఆ పేరు మీద అందరికీ భరోసా.

ఓలందులు 1605లో బందరులో, మరుసటి ఏడాది నిజాంపట్నంలో కోఠీలు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. సముద్రాల అవతల కొనేవాళ్ల కోసం వీళ్లు ఇక్కడ కొనాలి. దానికి వాడిన పద్ధతి మచ్చు. ఏ ఊరి బజారులో ఏ బట్టకు గిరాకీ ఉందో ఆ బట్ట ముక్కను తెప్పించి నేతగాళ్లకు చూపేవాళ్లు. తయారైన మాలును ఆ నమూనా పక్కన పెట్టి మొదటి రకం, రెండో రకం అని వేరుచేసేవాళ్లు.

కంటికి తెలిసే గుణాల్లో మోసానికి చోటు తక్కువ. కానీ జుల్ముకు చోటు లేకపోలేదు. కొనేవాళ్లు పదిమంది ఉన్నప్పుడు ఒకడు రెండో రకం అన్న బట్టను ఇంకొకడు మొదటి రకం కింద తీసుకుంటాడు. 1759లో ఇంగ్లీషువాళ్లు ఫరాసుల చేతి నుంచి మచిలీపట్నం కోటను పట్టుకున్నారు. తర్వాత ఉత్తర సర్కారులు కూడా వాళ్ల చేతికి వచ్చాయి. అప్పుడు పెద్ద ఖరీదుదారూ, నాణ్యం తేల్చేవాడూ, హుకూమత్ చేసేవాడూ ఒక్కడే అయ్యాడు. వాడు రకం తగ్గించాడంటే నేతగాడి కూలి తగ్గినట్టే. కొలత బద్ద ఎంత నిఖార్సైనదైనా అది ఎవరి చేతిలో ఉందో కూడా అడగాల్సిందే.

చిరివేరు ఎరుపు

ఇక వాడితే తప్ప తెలియని గుణం. బందరు బట్టకు దునియాలో పేరు తెచ్చింది అదే. ఉతికినా పోని రంగు.

చిరివేరు ఒక చిన్న మొక్క. దాని వేరులో ఎరుపు ఉంది. గవ్వల సున్నం కలిసిన డెల్టా తీరపు ఇసుక నేలల్లో పెరిగిన వేరుకు మంచి పేరు. విలియం రాక్స్‌బరో అనే కంపెనీ వైద్యుడు 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీని బొమ్మ కూడా వేయించాడు. అయితే వేరును ఉడికించిన నీళ్లలో ముంచితే బట్ట ఎర్రబడదు. ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టాలి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో గీయాలి లేదా అచ్చు వెయ్యాలి. నలుపు కావలసిన చోట తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కషాయం. ఆ తర్వాత రంగులో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పోగును పట్టుకుంటుంది. పారే నీళ్లలో ఉతకడం, ఎండలో ఆరబెట్టడం, మళ్లీ ఉతకడం. కలంతో చేసే కారీగరీ కాబట్టి కలంకారీ.

ఇంగ్లీషు కోఠీలో 1618 నుంచి 1622 వరకూ ఉన్న విలియం మెథ్‌వోల్డ్ ఈ తీరపు బట్టల గురించి రాస్తూ, ఎన్నిసార్లు ఉతికినా బట్ట చిరిగేదాకా రంగు పోదని ఆశ్చర్యపోయాడు. ఫరాసు ప్రయాణికుడు బెర్నియర్ ఔరంగజేబు కశ్మీర్ సఫర్‌ను చూశాడు. బాద్షా డేరాల లోపలి వైపు మచిలీపట్నం పూల చీటి గుడ్డలు వేలాడదీస్తే తోటలో ఉన్నట్టే ఉందని రాశాడు.

ఇక్కడే అసలు సవాలు. రంగు నిలుస్తుందా లేదా అన్నది దుకాణంలో కనిపించదు. పది ఉతుకుల తర్వాత తెలుస్తుంది. అప్పటికి అమ్మినవాడి జహాజు ఏ సముద్రంలో ఉందో! మరి అచేలోనో, మలుకు దీవుల్లోనో ఉన్న మనిషి తన లవంగాలు, జాజికాయలు ఇచ్చి ఈ బట్టను ఏ భరోసాతో తీసుకున్నాడు?

వాళ్ల నాన్న వాడాడు, తాత వాడాడు. రంగు పోలేదు. ఆ అనుభవం బట్ట రూపానికి అతుక్కుపోయింది. ఆ ఎరుపు ఛాయ, ఆ అంచు, ఆ పువ్వు ఉంటే అది ఫలానా తీరం బట్ట, కాబట్టి రంగు నిలుస్తుంది అని లెక్క. కంటికి కనిపించే గుణం, కనిపించని గుణానికి గవాహీ అయింది. ఓలందులకు ఈ సంగతి తొందరగానే అర్థమైంది. మలుకు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే చేతిలో కోరమాండల్ బట్ట ఉండాలి. వాళ్లలో హెండ్రిక్ బ్రౌవర్ 1612లో ఈ తీరాన్ని మలుకు దీవులకు ఎడమ చెయ్యి అన్నాడు. ఒక్కో దీవి జనం ఒక్కో నమూనా అడిగేవాళ్లు. అంచు కాస్త మారినా మాలు కదలదు. తెల్ల వ్యాపారులకు అది మొండితనంగా కనిపించి ఉండవచ్చు. నాకు మాత్రం అది ఖరీదుదారు జాగ్రత్త అనిపిస్తుంది. అంచు మారితే చెయ్యి మారిందేమో, చెయ్యి మారితే రంగు నిలవదేమో అన్న భయం అందులో ఉంది.

తర్వాత ఇంకో గవాహీ తోడైంది. ఓలందు కంపెనీ తన మూడక్షరాల ముద్రను బట్టల మీద వేసేది. ఇంగ్లీషు కంపెనీ హృదయాకారపు ముద్ర వేసేది. సులవేసీ దీవిలోని తొరాజా జనం తరతరాలుగా పవిత్రంగా దాచుకున్న హిందూస్తాన్ బట్టల మీద ఆ కంపెనీ ముద్రలు నేటికీ కనిపిస్తాయి. గోదాములో లెక్క కోసం వేసిన మొహర్ కొన్నవాడి ఇంట్లో ఖాందానీ సొత్తులో భాగమైపోయింది.

యూరపులోనూ ఇదే. మన పలంగ్‌పోష్ వాళ్ల నోట్లో పాలంపోర్ అయింది. ఛీంట్ చింట్జ్ అయింది. తేలిక, ఉతకవచ్చు, రంగు పోదు, ఉన్నికంటే, పట్టుకంటే చవక. ఈ నాలుగు గుణాలతో జనం ఎగబడ్డారు. అక్కడి ఉన్ని, పట్టు కారీగర్లు లబోదిబోమన్నారు. ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టి 1759దాకా నడిపింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద చట్టం చేసి, అది చాలక 1721లో అచ్చు నూలు బట్టలు కట్టుకోవడమే నేరం అంది. ఖరీదుదారు మంచి బట్టను గుర్తుపట్టేశాక వాడిని ఆపడానికి ఖానూన్ తప్ప వాళ్లకు దారి దొరకలేదు.

గవాహీ తెగిన రోజు

1864 నవంబరు 1న వచ్చిన తుపాను బందరును ముంచేసింది. సుమారు 30,000 మంది చనిపోయారు. అంతకుముందే, 1855లో, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. తర్వాత రైళ్లు కలిశాయి. బజారు మెల్లగా రేవు నుంచి జంక్షనుకు జరిగింది. ఆ రైళ్లలో మాంచెస్టర్ మిల్లు బట్ట వచ్చింది.

మిల్లు బట్టను పుంజాల్లో ఎవరూ అడగలేదు. థాను మీద ఒక రంగుల కాగితం అతికించి వచ్చేది. వ్యాపారులు దాన్ని టికెట్టు అనేవాళ్లు. దాని మీద దేవుళ్లు, రాజులు, ఏనుగులు, పులులు. చదువు రాని ఖరీదుదారుకు అక్షరాలతో పని లేకుండా బొమ్మే పేరు. పోయినసారి కొన్న బొమ్మ బట్ట బాగుంటే మళ్లీ అదే బొమ్మ అడుగుతాడు. ఇదీ దగ్గర దారే, చెడ్డది కాదు. కానీ పుంజానికీ దీనికీ ఒక ఫర్ఖ్ ఉంది. పుంజాన్ని కొనేవాడు లెక్కపెట్టుకోగలడు. బొమ్మను ఏం లెక్కపెడతాడు? పోలిన బొమ్మ ఇంకొకడు అచ్చు వేసి నాసిరకం బట్టకు అతికిస్తే తెలిసేదెలా? సర్కారు 1889లో మర్చండైజ్ మార్కుల చట్టం తెచ్చి దొంగ ముద్రలకు శిక్షలు పెట్టింది. థాను మీద పొడవును గజాల్లో ముద్రించాలని కూడా అందులో ఉంది. బొమ్మ పక్కన కొలవగలిగిన అంకె ఒకటి చేరింది.

రంగు విషయంలో దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థాన్ని అలిజరిన్ అంటారు. 1868లో గ్రేబ, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మనీ రసాయనవేత్తలు దాన్ని తారు నుంచి తీసిన సరుకుతో తయారు చేశారు. ఏళ్లు గడవకముందే అది పీపాల్లో మన దేశానికి వచ్చింది. ఇది నకిలీ రంగని కొట్టిపారేయడం ఇన్సాఫ్ కాదు. సరిగ్గా వేస్తే అదీ ఉతికినా పోదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పాత పరఖ్ పనిచెయ్యడం మానేసింది. పది ఉతుకులు ఉతికినా వేరు ఎరుపుకూ పీపా ఎరుపుకూ కొనేవాడికి తేడా తెలియదు. వాడితే తెలిసే గుణం ఒక్కసారిగా వాడినా తెలియని గుణమైపోయింది. ఎరుపు ఇన్నాళ్లూ ఇచ్చిన గవాహీ తెగిపోయింది.

అలా జరిగితే బజారు ఏమవుతుందో జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో పాత కార్ల మిసాల్‌తో వివరించాడు. మంచి సరుకునూ చెడ్డ సరుకునూ కొనేవాడు వేరు చెయ్యలేకపోతే రెండింటికీ కలిపి ఒక నడిమి ఖరీదే ఇస్తాడు. ఆ ఖరీదు మంచి సరుకు చేసేవాడికి గిట్టదు. వాడు బజారు వదిలిపోతాడు. మిగిలేది చెడ్డ సరుకే. చిరివేరు తవ్వేవాళ్లూ, దాన్ని పండించేవాళ్లూ అలాగే తప్పుకున్నారు. ఓపికగా ఇరవై మెట్ల పని చేసినవాడికీ, పీపా మూత తీసినవాడికీ ఒకే కూలి అయినప్పుడు ఎవరు మాత్రం నిలబడతారు?

ఖద్దరు తారీఖ్ కూడా ఇదే పాఠం చెబుతుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. ఆ రోజుల్లో ఖద్దరు కొనేవాడు చూసింది పుంజాన్నీ కాదు, రంగునూ కాదు. ఇది చేత్తో వడికిన నూలేనా అని చూశాడు. కట్టుకున్నా ఆ సంగతి తెలియదు. అందుకే మిల్లు ముతక బట్టను ఖద్దరని అమ్మడం సులువు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం ఖద్దరు కొట్లను తనిఖీ చేసి సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. దేశం మీద మొహబ్బత్‌కు కూడా మొహర్ కావలసి వచ్చిందన్నమాట. తర్వాత తిండి సరుకులకు 1937లో అగ్‌మార్క్ చట్టం, యంత్రాలకూ సామాన్లకూ 1952లో ఐఎస్ఐ మార్కు చట్టం అదే దారిలో వచ్చాయి.

తడిపిన మూల, కాల్చిన పోగు

ఇంట్లో ఆడవాళ్లు ఈ సిద్ధాంతాలు చదవకుండానే ఇవన్నీ చేసేవాళ్లు. మా నానీమా బట్టల కొట్లో రెండు పనులు చేసేది. బట్ట మూలను నీళ్లతో తడిపి తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దేది. రుమాలుకు రంగు అంటితే బట్ట పక్కకు. నూలని చెప్పిన బట్టయితే అంచులో ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చమనేది. నూలు కాగితం వాసనతో కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. దుకాణదారు మొహం మాడ్చుకునేవాడు, కానీ అగ్గిపెట్టె ఇచ్చేవాడు.

ఆమె చేసిందేమిటి? ఇంటికి వెళ్లి వాడితే తెలిసే గుణాన్ని కొట్లోనే కంటికి కనబడేలా చేసుకుంది. తడిపిన మూల అంటే పది ఉతుకుల సంగతి ముందే తెలుసుకోవడం. అయినా అన్నీ పరఖ్ చేసేది కాదు. రంగు, పోగు చూసి, మిగిలినదంతా తెలిసిన దుకాణం మీద వదిలేసేది. హెర్బర్ట్ సైమన్ అనే పండితుడు 1956లో చెప్పింది ఇదే. మనిషి దునియాలోని అన్నిటికన్నా మంచిదాన్ని వెతుక్కుంటూ కూర్చోడు. తనకు చాలినంత మంచిది దొరికితే అక్కడ ఆగుతాడు. ఎక్కడ ఆగాలో తెలియడమే తెలివి.

ఇప్పుడు మనం వన్‌టౌన్ కొట్లకు వెళ్లడం తగ్గించి ఫోనులో కొంటున్నాం. తడపడానికి మూల లేదు, కాల్చడానికి పోగు లేదు. నక్షత్రాలు లెక్కపెట్టి కొంటాం. అవి వాడినవాళ్ల మాటలే అనుకుందాం. ఆ వాడినవాళ్లు ఎవరో మనకు తెలియదు. మలుకు దీవి మనిషికి తన తాత తెలుసు.

పెడన అచ్చు

బందరు పక్కనే పెడన. టేకు చెక్క మీద పూలు చెక్కి, ఆ అచ్చులతో చేత్తో బట్ట మీద ముద్ర వేసే పని అక్కడ ఇంకా బతికి ఉంది. అచ్చు పక్కన అచ్చు, రంగు తర్వాత రంగు, ఒక్కో చీరకు వందలసార్లు చెయ్యి లేస్తుంది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 1999లో చేసిన, 2003 నుంచి అమల్లో ఉన్న చట్టం కింద, ఆ పేరు వేరే చోట చేసిన సరుకుకు పెట్టకూడదు.

కానీ బజారులో "కలంకారీ డిజైన్" అని అమ్మేదాంట్లో చాలా భాగం యంత్రం మీదో, స్క్రీను మీదో అచ్చైనది. అదే నెమలి, అదే పువ్వు, అదే ముదురు ఎరుపు. ఖరీదు సగం కంటే తక్కువ. కొనేవాడు ఏం చూస్తున్నాడు? బొమ్మను. ఒకప్పుడు ఆ బొమ్మ చేతి పనికి గవాహీ. ఇప్పుడు ఆ గవాహీని ఎవడైనా నిమిషంలో కాపీ కొట్టగలడు. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు చవక బట్ట కొనుక్కోవడంలో ఐబ్ ఏమీ లేదు. చవక బట్టను చేతి అచ్చని చెప్పి చేతి అచ్చు ఖరీదుకు అమ్మితేనే రెండు ఇళ్లు మునుగుతాయి. ఒకటి కొన్నవాడిది, రెండోది పెడనలో చెక్క అచ్చు పట్టుకున్నవాడిది.

కాస్త ఆగి చూస్తే కంటికి కొంత తెలుస్తుంది. చేతి అచ్చులో ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ మధ్య ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. రంగు సాధారణంగా బట్ట వెనక్కి దిగుతుంది. స్క్రీను ప్రింటులో గీత ఎక్కడా చెదరదు, వెనుక వైపు వెలవెలబోతూ ఉంటుంది. మనం లోపమనుకునే ఆ వెంట్రుకవాసి తేడా చేతి పనికి నిషానీ.

చిలకలపూడి నిజాయితీ

బందరులోనే ఇంకో మిసాల్ ఉంది. చిలకలపూడి నగలు. రోల్డుగోల్డుకు తెలుగు దేశమంతా అదే పేరు. అది బంగారం కాదని అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు, షాదీలో చూసేవాళ్లకూ తెలుసు. అందుకే దానిలో ధోకా లేదు. నకిలీ అని చెప్పి అమ్మితే అది ఇంకో రకం సరుకు, అంతే.

అసలు బంగారం దగ్గరే కష్టం. అమ్మాయి షాదీకి ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో కొంటాం. అందులో రాగి ఎంత కలిసిందో కంటికి తెలియదు, ముప్పై ఏళ్లు వేసుకున్నా తెలియదు. అమ్మకానికో, తాకట్టుకో పట్టుకెళ్లిన రోజు తెలుస్తుంది. కష్టం వచ్చిన రోజన్నమాట. పూర్వం గీటురాయి ఉండేది, మన వాళ్లు కసౌటీ అంటారు. కానీ రాయి కూడా సరాఫు చేతిలోనే ఉండేది. కొలత బద్ద ఎవరి చేతిలో అన్న పాత సవాలే ఇది.

2000లో బంగారానికి హాల్‌మార్కు వచ్చింది. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఉండాలి. 916 అంటే 22 క్యారెట్లు. ఆ ఆరు గుర్తుల్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. చాలామంది ముద్ర ఉందా అని మాత్రమే చూస్తారు. ముద్ర చూసి ఊరుకుంటే అది మాంచెస్టర్ టికెట్టు. దాన్ని యాప్‌లో సరిచూస్తే అది పుంజం.

మదీనా బజారులో ఒక సంఘటన హదీసుల్లో ఉంది, మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా ఆ తడి గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. తడి ధాన్యం అమ్మవద్దని అనలేదు. తడిని పైకి తెమ్మన్నారు. లోపల దాగిన గుణాన్ని కంటికి కనిపించే గుణంగా మార్చే జిమ్మేదారీ అమ్మేవాడిదని నాకు అందులో అర్థమైంది. కొనేవాడి వంతు కూడా అందులోనే ఉంది. రాశిలో చెయ్యి పెట్టి చూడాలి.

ప్రతి పోగునూ, ప్రతి గింజనూ మనం పరఖ్ చెయ్యలేం. పేరునో, బొమ్మనో, మొహర్‌నో, మనిషినో నమ్మక తప్పదు. అది ఖరీదుదారు బలహీనత కాదు. కానీ మనం నమ్మే ప్రతి గుర్తు వెనుకా ఎవరో ఒకరు నిజంగా లెక్కపెట్టినవాళ్లు ఉండాలి. లెక్కపెట్టేవాళ్లు లేకపోతే గుర్తు మిగిలి గుణం పోతుంది. చిరివేరు అలాగే పోయింది. పెడన అచ్చు ఇంకా పోలేదు.

షాదీల సీజన్‌లో ఈసారి కలంకారీ దుపట్టా కొనేటప్పుడు ఖరీదు అడగడానికి ముందు బట్టను ఒకసారి వెనక్కి తిప్పండి. దీని మీద అచ్చు ఎక్కడ వేశారు, చేత్తోనా, స్క్రీనుతోనా అని అడగండి. జవాబును రసీదు మీద రాసివ్వమనండి. పది కుటుంబాలు అడిగితే దుకాణదారు పెడనకు ఫోను చేసి కనుక్కుంటాడు. వంద కుటుంబాలు అడిగితే చేతి అచ్చును ఒక అలమారాలో, స్క్రీను బట్టను ఇంకో అలమారాలో పెడతాడు. ఏది కొనాలో అప్పుడు మన జేబును బట్టి మనమే తేల్చుకుంటాం.